శంకరమ్మ అలికిన నది

నాచారం శంకరమ్మకు ఊకె కూసునుడు రాదు. చేతిల చీపురన్న ఉండాలె, నోట్ల మాటన్న ఉండాలె. చెంగిచెర్ల కాడ కంకర కొట్టికొట్టి నడుము పట్టుకపోయినంక, ఉప్పల్ల ఒక సర్కారు షెడ్డుల ఊడ్శే పని దొరికింది. నీడ పట్టున పని. ఇగ గంతకన్న ఏం గావాలె?

గా షెడ్డుల ఉన్నది ఏందనుకున్నరు? నది. అసలు నదికి చిన్న నకలు, మట్టితోని, సిమిటితోని పండుకున్న పామోలె చేసిన్రు. ఒక కొసకు చిన్న డ్యామ్, దానికి రేకు గేటు. బంగ్లాదేశ్ లడాయికి ముందటి మాట. పైన శత్రువు డ్యామ్ ఇడిస్తే నీళ్లు ఎంతసేపట్ల కిందికొస్తయి, గంతల మన ఫౌజు నది దాటుతదా, మునుగుతదా? ఆంధ్ర దిక్కు ఇంజినీరు గంగాధరరావు గదే సూస్తుండె. గేటు లేపుడు, అగ్గిపెట్టెలను ఫౌజనుకొని ఒడ్డు నుంచి ఒడ్డుకు జరుపుడు.

ఒకనాడు ఢిల్లీ నుంచి మిల్ట్రీ సారు వస్తుండన్నరు. సుట్టమొస్తుంటే అలకకుంట ఎట్లుంటరు? శంకరమ్మ పొద్దుగాల్నే వచ్చి, నదిల గులకరాళ్లన్నీ చాటల ఏరి పారబోసి, పేడ, ఎర్రమట్టి కలిపి నున్నగ అలికింది. ఒడ్డుకు ముగ్గు గూడ ఏసింది.

సారు వచ్చిండు. గేటు లేపిన్రు. నీళ్లు జర్రున జారినయి. అగ్గిపెట్టెలన్నీ కొట్టుకపోయి సారు బూట్ల కాడ తేలినయి.

గంగాధరరావు మొకం తెల్లబడ్డది. "ఎవరు చేశారీ పని?"

"నేనే. పెద్దమనిషొస్తుండని అలికిన."

"ఆ రాళ్లు నేనే పెట్టించానమ్మా. రాళ్లు తగిలితేనే నీళ్లు నిజం నదిలా నెమ్మదిగా వస్తాయి. రేపటి నుంచి పనిలోకి రాకు."

శంకరమ్మకు కండ్ల ముందట కంకర కుప్ప కనవడ్డది. అయినా నోరు ఊకుంటదా? "ముందుగాల జెప్పాలె గద సారు. కంకర కొట్టిన చేతులు, రాయి కనవడితే పారబోస్తయి గని పూజ జేస్తయా?"

మిల్ట్రీ సారు ముగ్గు దిక్కు సూసి, ఆమె ఏమంటుందని ఇంజినీరును అడిగి, కడుపు పట్టుకొని నవ్విండు. ఫౌజు మునిగితే మునిగింది, ఇజ్జత్‌తోని మునిగిందన్నడు. రేపు మళ్ల సూస్తనన్నడు.

సారు పోయినంక ఇంజినీరు అడిగిండు. "ఆ రాళ్లెక్కడ పోశావు?"

"పనిల ఉంచుతనంటే జెప్త."

గంగాధరరావుకు కోపం రాబోయి నవ్వొచ్చింది. "సరే, పద."

పొద్దుగూకేదాక ఆయన సూపిచ్చిన కాడల్ల ఆమె రాయి వెట్టింది. తెల్లారి నీళ్లు మెల్లగ వచ్చినయి, అగ్గిపెట్టెలు తడవకుంట అవతలి ఒడ్డెక్కినయి. గప్పటిసంది శంకరమ్మ నది సుట్టు ఊడుస్తది గని అండ్ల చీపురు వెట్టది. ఎవడన్న చెప్పులతోని నదిల కాలు వెట్టాలె, ఆమె నోట్ల వడ్డ వాని బతుకు కుక్కలు గూడ అడగవు.