అత్తమ్మ వైన్ షాపుకొచ్చిన డిసెంబరు

మా ఇంట్లోకెల్లా పాతదైన ప్రార్థన పుస్తకం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇందులో రాసిన ప్రతి అక్షరమూ నిజం. మా ఆవిడ పక్కనే నిలబడి, "జర మెల్లగ పెట్టయ్యా చెయ్యి, పుస్తకం పాతది, నీ ప్రమాణానికి అట్టలు ఊడుతయ్" అంటోంది. ఆమె అనుమానానికి కారణం లేకపోలేదు. మా మిద్దె మీద నేను ఎగరేసిన గాలిపటం మాంజాకు విమానం తోక చిక్కుకుందనీ, పైలట్ కిటికీలోంచి దండం పెడితే వదిలేశాననీ చెప్పింది నేనే. కార్ఖానా క్యాంటీన్లో ఆ కథ ఇప్పటికీ అడిగి చెప్పించుకుంటారు. కానీ ఇది వేరు. ఇది మా అత్తమ్మ సంగతి.

హైదరాబాదు పాతబస్తీలో మేముండేది సంతోష్‌నగర్‌లో. అత్తమ్మది శాలిబండ. ఆ ఇంట్లో క్రిస్మస్ అంటే బగారా అన్నం, మటన్, కేకు, వీటన్నిటికంటే ముందు అత్తమ్మ చేతి వైన్. నవంబరు రాగానే నల్లద్రాక్ష తెచ్చి, కడిగి, నీడన ఆరబెట్టి, చేత్తో పిసికి జాడీలో వేసేది. చక్కెర, గుప్పెడు గోధుమలు, దాల్చిన చెక్క. మూతికి పాత పంచె గుడ్డ కట్టి మంచం కింద చీకట్లో పెట్టేది. పొద్దున్నే కట్టె గరిటెతో ఒకసారి తిప్పడం, మళ్ళీ గుడ్డ కట్టడం.

చిత్రమేమిటంటే, తన వైన్ ఆమె ఎన్నడూ నోట్లో పెట్టలేదు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర తీసుకునే చుక్క తప్ప ఆమెకు ద్రాక్షరసం రుచే తెలియదు. చేసే చెయ్యి తాగితే చెయ్యి చెడుతుందని వాళ్ళత్త చెప్పిందట. అంతా ముక్కుతోనే. పండగనాడు గుడ్డ విప్పి, జాడీ మీదికి వంగి, కళ్ళు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చేది. "ఇగ తాగుండ్రి" అనేది. అప్పటిదాకా గ్లాసు ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

నిరుడు వానాకాలంలో వచ్చిన జ్వరం ఆమె ముక్కును పట్టుకుపోయింది. మల్లెపూలూ కిరసనాయిలూ ఒకటే అయిపోయాయి. ఆ మాట ఎవరికీ చెప్పకుండా అలవాటు ప్రకారం జాడీ పెట్టింది. క్రిస్మస్ నాడు వంగి పీల్చి, "ఇగ తాగుండ్రి" అంది. తాగాం. అది వైన్ కాదు, పచ్చి సిర్కా, అంటే వెనిగర్. చికెన్ పకోడీ బండివాడు ఉల్లిగడ్డల మీద పోస్తాడే, అదీ. నేను అబద్ధాలలో ఆరితేరినవాణ్ణి కనుక నవ్వుతూ మింగి, "అత్తమ్మా, ఈసారి మస్తు కుదిరింది" అన్నాను. మా బామ్మర్దికి ఆ విద్య లేదు. వాడి మొహం చింతకాయ కొరికిన మేక మొహమైంది. అత్తమ్మ కొడుకు మొహం చూసింది. లేచి వెళ్ళి జాడీ బోర్లించింది.

ఈ ఏడు నవంబరులో నన్ను పిలిపించింది.

"అల్లుడా, నేనిగ జాడీ పెట్ట. సీసాలు కొనుక్కరా. మంచిగున్నదో లేదో నువ్వే చెప్పు. పండగనాడు నన్ను బల్ల కాడికి పిలవకుండ్రి. నేను వంటింట్ల కూసుంట."

"గదేంది అత్తమ్మా? బల్లకు పెద్ద మీరు."

"ముక్కు లేని పెద్దరికం దేనికి బిడ్డా?"

దీనికి తోడు బామ్మర్ది ఫోను. "బావా, ఈసారి మా ఫ్లాట్‌లనే చేసుకుందాం. అమ్మకు రెస్ట్ ఇయ్యాలె." రెస్ట్ అనే మాట వాడు ప్రేమతోనే అన్నాడు. కానీ మూసీ దాటి కొడుకు ఇంటికి చుట్టంలా వెళ్ళి, సోఫా అంచున కూర్చుని ప్లేటు అందుకునే అత్తమ్మను తలచుకుంటే నాకు ఒళ్ళు మండింది. ఆమె శాలిబండ ఇంట్లోనే, ఆ బల్ల దగ్గరే కూర్చోవాలి. అందుకు తగిన వైన్ నేను పట్టుకొచ్చి తీరతాను. అంతే.

పట్టుదల ఉంది గానీ తెలివి లేదు. వైన్ అని నేను తాగిందల్లా అత్తమ్మ చేసిందే. డిసెంబరు మొదట్లో బస్సెక్కి మూసీ అవతలి కొత్త ఊరివైపు ఒక పెద్ద అద్దాల షాపుకు వెళ్ళాను. చల్లటి గాలి, మెత్తటి పాట, పడుకోబెట్టిన సీసాలు. నాకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతి ప్రకారం ఒక్కో సీసాకు ముక్కు ఆనించి పీల్చడం మొదలుపెట్టాను. కౌంటర్ దగ్గరి పెద్దమనిషి వచ్చి, "సార్, అవి సీల్ చేసి ఉన్నయ్" అన్నాడు. "తెలుసు. సీల్ మంచిదా కాదా చూస్తున్నా" అన్నాను. ఆయన నవ్వాపుకుని, మటన్‌కైతే ఇది తీసుకోండని ఒక ఎర్రటిది చూపించాడు. ఆ రకం సీసాలే తెచ్చాను. ఇప్పుడు తలచుకుంటే మంచి సరుకే.

ఆ మంచి సరుకును మేమేం చేశామో వినండి. మా ఆవిడ సీసాలను అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిట్ల బిరడా బిగించి పెడితే ఎట్లయ్యా? పండగ ఇంక మస్తు దూరముంది. ఊపిరాడక చెడిపోతది."

"మరి?"

"అమ్మ జాడీ తెచ్చిన గదా."

నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. ఈ ఇంట్లో జాడీలో పండని వైన్ ఎవరు చూశారు? సీసాలన్నీ విప్పి జాడీలో పోశాం. చిన్న దాల్చిన చెక్క వేశాం. గుడ్డ కట్టాం. మంచం కింద పెట్టాం. అక్కడితో ఆగినా ఏమైనా మిగిలేదేమో. నేను రోజూ పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, కట్టె గరిటెతో శ్రద్ధగా తిప్పాను. డ్యూటీకి ఆలస్యమైనా తిప్పడం మానలేదు. అంత పట్టుదలగా ఒక మంచి వైన్‌ను చంపినవాడు ఈ పాతబస్తీలో ఇంకొకడు ఉండడు.

పండగ దగ్గర పడ్డాక ఒక ఆదివారం చర్చి అయ్యాక అత్తమ్మ మా ఇంటికి వచ్చింది. మంచం కింద తన జాడీ కనబడింది.

"అండ్ల ఏమున్నది?"

"వైనే అత్తమ్మా. కొత్త ఊరి షాపు సరుకు. చూడుండ్రి, ఎట్ల పండుతున్నదో!"

"కొన్న వైన్ జాడీల పోసినవా?" ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అలవాటుగా గుడ్డ విప్పి వంగింది, పీల్చింది, ఆగిపోయింది. ఏమీ తెలియలేదు. మా ఆవిడ కళ్ళు పక్కకు తిప్పుకుంది. నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

"బంగారమయింది అత్తమ్మా. నేను చెప్తున్న గదా" అన్నాను.

"నువ్వు చెప్తే నమ్మాల్నా? విమానం ఆపినోనివి." అంటూనే స్టీలు గ్లాసు అందుకుంది, ముంచింది, ఇంత వయసు వచ్చాక మొదటిసారి నోటినిండా పోసుకుంది. ఆమె భుజాలు ఒకసారి వణికాయి.

"ఇది సిర్కా" అంది.

"మీకెట్ల తెలిసింది? ముక్కు..."

"ముక్కు పోయింది గని నోరు పోయిందా? పళ్ళు జివ్వుమన్నయి, గొంతుల మంట పడ్డది." గ్లాసులోకి చూస్తూ ఇంకో గుటక తీసుకుంది, ఈసారి నెమ్మదిగా. "నిరుడు నేను జేసింది కూడ గిట్లనే ఉన్నదా?"

మా ఆవిడ తలాడించింది. అత్తమ్మ నా వైపు తిరిగింది.

"గిదా నీకు మస్తు కుదిరింది?"

నేను గుడ్డ తీసుకుని జాడీకి మళ్ళీ కట్టబోయాను. ఆమె మాత్రం కొంగు బిగించి లేచింది. "దీన్ని పారబోయకుండ్రి, ఉల్లిగడ్డలకు పనికొస్తది. అల్లుడా, రేపు డ్యూటీ అయినంక రా. నేనూ వస్త."

"ఎక్కడికి?"

"షాపుకు."

మర్నాడు సాయంత్రం షేర్ ఆటోలో మెయిన్ రోడ్డు మీది వైన్స్ దగ్గర దిగాం. అత్తమ్మది తెల్లచీర, చేతిలో చర్చి సంచి, కళ్ళజోడు. ఇనప జాలీ ముందు మగవాళ్ళ గుంపు. మమ్మల్ని చూడగానే ఆ లొల్లి ఒక్కసారిగా అణిగింది.

"ఏయ్, అమ్మొచ్చింది, జరుగుండ్రి!"

"ఎవని అమ్మరా?"

"మా అమ్మయితే కాదు. నీ అమ్మనేమో చూస్కో."

ముందున్నవాడు చేతిలోదాన్ని చొక్కాలో దోపుకుని, "పెద్దమ్మా, నేను సోడ కోసం వచ్చిన" అన్నాడు, ఎవరూ అడగకుండానే.

"సోడకు గింత గుంపా బిడ్డా?"

జాలీ లోపలి భాయ్ కంగారుగా, "అమ్మా, ఎవరు గావాలె? పేరు చెప్పుండ్రి, పంపిస్త" అన్నాడు. అతను అక్కడ చూసిన ఆడవాళ్ళంతా మొగుళ్ళ కోసం వచ్చినవాళ్ళే.

"ఎవ్వరొద్దు. వైన్ గావాలె. ద్రాక్షపండ్ల వైన్."

అతను ముందు అరలోంచి, రోడ్డుకు కనబడేలా పెట్టిన ఒక సీసా తీశాడు. అత్తమ్మ చేత్తో పట్టుకుని చూసింది.

"ఇది వెచ్చగున్నది. ఎన్ని దినాల సంది ఎండల నిలబెట్టినవ్?"

"అది షో కోసం అమ్మా."

"షోకు పెట్టింది నాకెందుకు? చీకట్ల ఉన్నది తే. మూత కాడ చెమ్మ కారింది తేకు."

అతను లోపలికి వెళ్ళాడు. ఈలోపు గుంపులో సలహాలు మొదలయ్యాయి. ఆ మాటకొస్తే హైదరాబాదులో అడగకుండా దొరికేది సలహా ఒక్కటే.

"పెద్దమ్మా, పొట్టి సీసాది తియ్యగుంటది, గదే తీస్కోండ్రి."

"అరే చుప్! గది తాగితే తెల్లారి తలకాయ దిగది. నాది నిన్నటి సంది దిగలే."

"మరి ఇయ్యాల మళ్ల ఎందుకొచ్చినవ్ బిడ్డా?" అంది అత్తమ్మ.

"దించుకుందామని పెద్దమ్మా."

ఆమె నవ్వింది. జ్వరం తర్వాత ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. లోపలి నుంచి వచ్చిన వాటిలో మూడు రకాలు ఏరింది. ఒక్కోదాన్ని దీపం వైపు ఎత్తి, అడుగున మడ్డి ఉందేమో చూసి, నాతో వెనక కాగితం చదివించి సంచిలో వేసుకుంది. సోడా కోసం వచ్చినవాడు మాకు ఆటో ఆపిపెట్టాడు.

శాలిబండ ఇంట్లో ఆమె చేసిన పరీక్ష అసలైన సంగతి. గిన్నెలో కొంచెం మటన్ కూర, పక్కన ఒక కేకు ముక్క, ముందు మూడు స్టీలు గ్లాసులు. కూర ముక్క నమిలి, ఒక గ్లాసులోంచి గుటక, కాసేపు ఊరుకోవడం. మళ్ళీ ముక్క, రెండో గ్లాసు. నన్నూ అలాగే చెయ్యమంది.

"ఉత్తగ తాగి ఏది మంచిదంటే తియ్యటిదే మంచిదంటవ్. ముక్క తిన్నంక తాగు. నోట్ల నూనె పోవాలె. మళ్ల ఇంకో ముక్క తినబుద్ధి గావాలె. గదీ మంచి వైన్."

మొదటిది ముక్కతో కలిసి షర్బత్‌లా పేలవంగా తేలిపోయింది. రెండోది ఉత్తగా తాగితే వగరు, పళ్ళకు పట్టేసినట్టుంది. కానీ కొవ్వు ముక్క తర్వాత తాగితే నోరు కడిగినట్టయింది. నా చెయ్యి దానంతటదే గిన్నెవైపు పోయింది. ఆమె ఆ చేతినే చూస్తోంది.

"చూసినవా? నువ్వు చెప్పకముందే నీ చెయ్యి చెప్పింది. కూరకు ఇది."

"మరి కేకుకు?"

"కేకుకు మూడోది. కేకుకంటే వైన్ ఎక్కువ తియ్యగుండాలె. లేకపోతే వైన్ పుల్లగయితది."

ఆ రెండు రకాలే పండక్కి సరిపడా తెచ్చుకున్నాం. జాడీలో పొయ్యలేదు. నేను తిప్పనూ లేదు. బామ్మర్దికి ఆమే ఫోను చేసింది. "ఫ్లాటు తాళమేసి ఈడికి రాండ్రి. పొద్దుగాలనే రాండ్రి" అని పెట్టేసింది.

క్రిస్మస్ నాడు బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం. అత్తమ్మ తన చోట, తన ముందు కూడా ఒక గ్లాసు పెట్టుకుని. ఈసారి జాడీ మీదికి వంగడం లేదు, కళ్ళు మూసుకోవడం లేదు. కూర ముక్క తిని, గుటక వేసి, కొడుకు మొహంలోకి సూటిగా చూసింది. వాడు తాగాడు. వాడు గ్లాసు దించి, "అమ్మా, గిది మస్తున్నది! నింపు" అన్నాడు.

ఇక ఒప్పుకోలు. పుస్తకం మీద పెట్టిన చెయ్యి తీసేస్తున్నాను. ఆ చివరి మాట వాడు అనలేదు. అది నా కల్పన. వైన్ షాపు, సిర్కా, సోడా మనిషి, మూడు గ్లాసులు, అన్నీ జరిగాయి. బామ్మర్ది మాత్రం గ్లాసు దించి, "చేదుగున్నదే అమ్మా" అని, లేచి వెళ్ళి వంటింట్లోంచి చక్కెర తెచ్చి, రెండు చెంచాలు వేసి కలిపాడు. అత్తమ్మ మొహం చూడ్డానికి భయపడ్డాను. ఆమె కొడుకును పైనుంచి కిందిదాకా చూసి, "నాకు తెల్వక కాదు బిడ్డా, నీకే తెల్వదు" అని, ఇంకో ముక్క వేసుకుని తన గ్లాసు ఖాళీ చేసింది. లేవలేదు.

ఆ కల్పన రాయమన్నదీ అత్తమ్మే. ఇది రాస్తున్నానని తెలిసి అంది: "వాడు మెచ్చుకున్నడనే రాయి అల్లుడా. అచ్చుల పడితే కాదనలేడు. వచ్చే ఏడు ఎట్ల మెచ్చుకోడో నేను చూస్త."