దారి తప్పించే ఎబినేజర్ అన్న

ఎబినేజర్ అన్నకు దారి తప్పే జబ్బుంది. అది కూడా అన్ని రోజులూ రాదు, కారులో విదేశీ అతిథి ఎక్కినప్పుడే వస్తుంది. నాచారంలో పుట్టి, నాచారంలో బడికి పోయి, నాచారం చర్చిలోనే పెళ్ళి చేసుకున్న మనిషి, వెనక సీట్లో తెల్లావిడ కూర్చోగానే ఉప్పల్ ఎటో మల్లాపూర్ ఎటో మరిచిపోతాడు.

నా పేరు స్వర్ణలత. ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయం, కెన్యాలో ఒకటి, హైదరాబాదులో మాది, మూడూ కలిసి చెత్త ఏరే ఆడవాళ్ళ ఊపిరితిత్తుల మీద చేస్తున్న పరిశోధనలో నేను రీసెర్చ్ అసిస్టెంటును. జవహర్‌నగర్ చెత్తకుప్ప పక్క బస్తీలో రాహేలు, ఆమె జట్టు ఆడవాళ్ళు ఒక గొట్టంలోకి గట్టిగా ఊదుతారు, మేం అంకెలు రాసుకుంటాం, అతిథులు వస్తే ఫోటోలూ తీస్తాం. దగ్గున్నవాళ్ళకు మందులు ఇప్పిస్తాం. ఎబినేజర్ అన్న మా డ్రైవరు, బస్తీకీ మాకూ మధ్యవర్తి కూడా. ఆయన దారి తప్పితే తిట్లు తినేది మాత్రం నేను.

ఇంగ్లండు నుంచి ప్రొఫెసర్ ఆలిసన్ మొదటిసారి వచ్చినప్పుడు పదకొండింటికి బస్తీలో ఉండాలి. ఎబినేజర్ అన్న షార్ట్‌కట్ అని చెప్పి ఉప్పల్ మీదుగా తీసుకెళ్ళి నారపల్లిలో తేల్చాడు. జవహర్‌నగర్ ఉత్తరాన ఉంటే మేం తూర్పుకు పోయాం. అక్కడ రంగు జెండాలు పాతిన ప్లాట్లలో ఒక ఏజెంటు పరుగెత్తుకొచ్చి ఆవిడ చేతిలో కూల్‌డ్రింకు పెట్టి, "ఈస్ట్ ఫేసింగ్ ఒక్కటే మిగిలింది మేడమ్" అన్నాడు. ఇదే మన బస్తీ కాబోలు, చాలా శుభ్రంగా ఉందని ఆవిడ మెచ్చుకున్నారు.

రెండోసారి ఆవిడ ఫోనులో మ్యాపు పెట్టుకొచ్చారు. 

"ఎడమకు తిరగమంటుందన్నా" అన్నాను.

"అది ఫారిన్ ఫోను గద మేడం. మన గల్లీలు దానికేం ఎరుక?" అని కుడికి తిప్పాడు. 

చిల్కానగర్‌లో అవే సందులు తిరిగాం, తిరిగాం, మళ్ళీ తిరిగాం. ఒక బేకరీ ముందు పడుకున్న కుక్క మొదటిసారి మొరిగింది, రెండోసారి చూసి ఊరుకుంది, ఆ తర్వాత తోక ఊపింది. కుక్క మనల్ని గుర్తుపట్టిందని ఆలిసన్ గారు మురిసిపోయారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

విచిత్రం ఏమిటంటే, అతిథులు లేని రోజున ఈ మనిషిని మించిన వాడు లేడు. మా అమ్మకు ఆయాసం వస్తే ట్రాఫిక్ అంతా పక్కకు పెట్టి, ఎవరి ఇంటి వాకిట్లోంచి దూరాడో గాని, నేను ఫోను పెట్టేసి చెప్పులేసుకునే లోపు దవాఖానా ముందు దింపాడు. మరి దొరసాని ఎక్కితే ఈ మాయరోగం ఏమిటని అడిగితే, "పెద్దోళ్ళు కూసుంటే జర టెన్షన్ అయితది మేడం" అని మీసాల్లో నవ్వేవాడు. ఒళ్ళు మండేది.

మా ప్రాజెక్టు పెద్ద మురళీధర్ సార్‌కు గడియారమే దైవం. ఈ ఏడాది ఆలిసన్ గారు వచ్చేది పని చూసి, ఒప్పందం పొడిగించాలో వద్దో తేల్చడానికి. సార్ ఎబినేజర్ అన్నను పిలిచి నిలబెట్టారు.

"పదకొండు అంటే పదకొండే. ఈసారి లేటయితే నువ్వు వేరే పని సూసుకో."

"సార్, మధ్యాహ్నం పెట్టుకుంటే మంచిగుంటది..."

"కెన్యాల పదకొండుకే ఊదుతున్నరు. రెండు దేశాలల్ల ఒక్కటే టైము. నీ ఒక్కని కోసం మార్చాల్నా?"

అన్న ముఖం చిన్నబోయింది. ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డాక దొరికిన ఆధారం ఈ స్టీరింగే. నాకు పాపం అనిపించింది గాని, పద్ధతిగా తోలితే పోయేదేముందని కోపమూ వచ్చింది.

ఆ రోజు నన్ను ముందు సీట్లో కాపలా పెట్టారు. వెనక ఆలిసన్ గారు, సార్. మల్లాపూర్ దాటకముందే మొదలుపెట్టాడు.

"ఈడ చాయ్ మస్తుంటది మేడం."

"వద్దన్నా."

"టైర్ల గాలి సూపిద్దామా?"

"పొద్దున్నే చూపించినవ్ గద."

"పోనీ, జర ఆపి ప్రార్థన చేసుకుందాం."

"నడుపుకుంటనే చేసుకో."

"కండ్లు మూసుకోని ఎట్ల నడుపుత మేడం?"

నేను చలించలేదు. పదకొండుకు బస్తీలో దిగాం. సార్ గడియారం చూసుకుని పెళ్ళికొడుకులా నవ్వారు.

బస్తీలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. మమ్మల్ని చూసి ఒకామె చటుక్కున నీళ్ళ డ్రమ్ము వెనక్కి నక్కింది. సార్ రాహేలు తలుపు తట్టారు.

"ఎవరు?" అంది లోపలి నుంచి.

"యూనివర్సిటీ నుంచి వచ్చినం. పరీక్ష ఉంది గదమ్మా."

"గింత జల్ది ఎవరు రమ్మన్నరు? ఎబినేజరన్న ఏడి? ఆయన తోల్కొస్తే గిట్ల కాదే."

సార్ నోరు తెరిచారు. తలుపు తెరుచుకోలేదు, గొంతు మాత్రం పెద్దదైంది.

"ఇప్పుడే కుప్ప మీదికెళ్ళి వచ్చినం సార్. నెత్తి నుంచి కాళ్ళ దాంక బూడిద. ఆమె అంత దూరం నుంచి వస్తే మేము గిట్ల కూసుంటమా ఆమె ముంగట? మీరు తానం జెయ్యకుంటనే ఆఫీసుకు పోతరా? ఇయ్యాల ఊదం, పోండ్రి."

ఒప్పందం సంగతి దేవుడెరుగు, సార్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అందరం ఎబినేజర్ అన్న వైపు తిరిగాం. ఆయన కారు అద్దం తుడుస్తున్నాడు, అద్దం మెరుస్తున్నా తుడుస్తున్నాడు.

"అయితే నువ్వు కావాలనే దారి తప్పుతున్నవా అన్నా?" అని అడిగాను.

"వాళ్ళ నీళ్ళు కాగాలె, తానాలు కావాలె, చీరెలు కట్టుకోవాలె గద మేడం. నేను జర అటు ఇటు తిప్పుత, రాహేలక్క ఫోన్ జేస్తే తీసుకొస్త."

"మరి మాకు చెప్పొచ్చు గదా?"

"చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నరు. సుట్టాలు వస్తున్నరని ముస్తాబైతే, అది సుట్టాలకు చెప్తరా ఎవలన్న?"

ఇన్నేళ్ళూ ఈ మనిషి మా అందరి చేత మతిమరుపు వాడని, చేతకాని వాడని అనిపించుకున్నది, ఆ ఆడవాళ్ళు దువ్వుకున్న తలతో ఫోటోలో కూర్చోవడానికన్నమాట.

ఆలిసన్ గారికి ఇంగ్లీషులో అంతా చెప్పాను. ఆవిడ ఎర్రబడిపోయారు. తమ ఊళ్ళో సభలో ఆ ఫోటోలు చూపిస్తే, ఇస్త్రీ చీరల్లో ఉన్న వీళ్ళు చెత్త ఏరేవాళ్ళేనా అని ఎవరో అనుమానపడ్డారట. దానికి జవాబు ఇప్పుడు దొరికిందన్నారు. వెంటనే కెన్యా వాళ్ళకు ఫోనులో ఒక కబురు పంపారు: పరీక్ష ఏ వేళకు పెట్టాలో ముందు అక్కడి ఆడవాళ్ళనే అడగండి అని. తర్వాత కారెక్కి కూర్చుని, ఎబినేజర్ అన్నతో దయచేసి మమ్మల్ని దారి తప్పించండి అన్నారు.

నేను తెలుగులో చెప్పాను. ఆయన ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు.

"ఇప్పుడెట్ల మేడం? మీకు దారి తెలిసిపాయె గద."

అయినా రాహేలు తలుపు దగ్గర ఒక మాట చెప్పొచ్చి, కారు తిప్పాడు. దమ్మాయిగూడలో చాయ్ తాగాం, నిజంగానే టైర్లకు గాలి చూపించాం. సార్ మాత్రం గడియారం వంకే చూస్తూ కూర్చున్నారు. ఎబినేజర్ అన్న అద్దంలో ఆయన ముఖం చూసి, చూసి, చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"సార్, రేపటి సంది నన్ను రావొద్దంటరా?"

కారు తిరిగి తిరిగి మళ్ళీ బస్తీ గల్లీ మొదట్లోకి వచ్చి ఆగింది. కొత్త చీరలో తలుపు దగ్గర నిలబడ్డ ఒకామె మాకు కనిపిస్తూనే ఉంది. అంతలో అన్న ఫోను మోగింది. స్పీకర్లో రాహేలు.

"అన్నా, ఏడి దాంక వచ్చిన్రు? లక్ష్మీనర్సమ్మది ఇంక తానం కాలె. జర సేపు ఆపుతవా?"

ఎబినేజర్ అన్న నోరు తెరిచేలోపు మురళీధర్ సార్ ముందుకు వంగి ఫోను అందుకున్నారు. చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నారు.

"ఫికర్ చెయ్యకమ్మా, నిమ్మళంగ కానియ్యండ్రి" అన్నారు. "మా ఎబినేజర్‌కు ఇంక దారి దొరకలేదు."