వెనక్కి పిలవనివాళ్లు

మా శంషాబాద్ బజారులో బేరం సగం నోటితో, సగం కాళ్లతో జరిగేది. గిరాకీ తన ధర చెప్తాడు. మేం కాదంటే మా కిరాణా దుకాణం మెట్లు దిగి నడుస్తాడు, కానీ మెల్లగా నడుస్తాడు. పక్క దుకాణం దాటేలోపు మా నాన్న గల్లా మీంచి కేకేసేవాడు: "రా అన్నా, రా! నీకెందుకు కాదంట?" ఆ కేక కోసమే ఆ నడక అని ఇద్దరికీ తెలుసు. నేను మాటలు నేర్చింది ఆ గల్లా పక్కనే.

గల్లా నా చేతికొచ్చాక తాగుడూ వచ్చింది. తొంభైలలో సారా బంద్ పెట్టినప్పుడు ఊరంతా దొరకదంటే నాకు మాత్రం దొరికింది. నా తెలివి మరి. చివరికి నా భార్య శ్రీశైలం రోడ్డు మీది కందుకూరులో ఉన్న పుట్టింటికి పోయింది. పోతూ ఒక మాట చెప్పింది: "ఆరాంఘర్ల తాగుడు ఇడిచినోళ్లు మీటింగు పెడతరట. ఆడికి పో. తాగుడు బందైనంక వచ్చి మాట్లాడు."

ఆ సంగతి ఆమెకు చెప్పింది మా దుకాణంలో సబ్బులు కొనే ఒక క్రైస్తవ అక్క. ఆ అక్క భర్త దవాఖానలో కాంపౌండరు. ఒకప్పుడు నాకంటే పెద్ద తాగుబోతట.

ఒక ఆదివారం ఆరాంఘర్‌లో బస్సు దిగాను. తాగుబోతుల మీటింగు ఎక్కడని అడగడానికి నోరు రాక, పాన్ డబ్బా అతన్ని చర్చి ఎక్కడని అడిగాను. అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"పాటలు పాడేటందుకా, మందు ఇడిచేటందుకా?"

నా మొహం మీదే బోర్డు ఉన్నట్టుంది.

చర్చి వెనక పిల్లల బడి గది అది. పొట్టి బెంచీల మీద పెద్ద మగాళ్లు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నారు. కాంపౌండరు చాయ్ గ్లాసు చేతికిచ్చాడు.

"ఫీజెంత?" అన్నాను.

"ఏం లేదు."

"మతం మార్పిస్తరా?"

"నీ మతం నీ ఇంట్లనే పెట్టుకో. చాయ్ తాగు."

"మరి మీకేం లాభం?"

"నీతోని మాట్లాడినంతసేపు నేను గూడ తాగను గదా."

ఊరికే ఇచ్చే సరుకంటే మా దుకాణం లెక్కలో పుచ్చిన పప్పే. అందుకే నా వంతు రాగానే బేరం మొదలుపెట్టాను. "సారా బంద్. బ్రాందీ బంద్. ఆదివారం కల్లు ఒక్కటి ఉండనీయిండ్రి. చెట్టు ఇచ్చేది, అది మందెట్లయితది?"

"కల్లు గూడ బందే అన్నా."

"పోనీ, పండుగకు?"

"ఊహూ."

"మా మామ పోతే? చావుకాడ తాగకుంటే బాగుండదు."

"నీ మామను జర బతకనీయరాదే!" అని వెనక బెంచీవాడు అన్నాడు. గదంతా నవ్వింది.

"అయితే మీ సరుకు మీ దగ్గర్నే పెట్టుకోండ్రి" అని లేచాను. మెట్లు మెల్లగా దిగాను. గేటు దగ్గర చెప్పు సరిచేసుకున్నట్టు వంగాను. లోపల ఇంకొకడు తన కథ మొదలుపెట్టాడు. ఎవరూ పిలవలేదు. వచ్చిన బస్సు ఎక్కకుండా వదిలేసి నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఆ కోపంతోనే తాగాను.

మరుసటి ఆదివారం కొట్లాటకే పోయాను. "పోతుంటే ఎందుకు పిలువలే?" అని కాంపౌండరును నిలదీశాను.

"మా ఇంటామె నన్ను దినాం పిలిచేది. పిలిచినన్ని దినాలు తాగిన" అన్నాడు. "కూసో. బెంచీ ఖాళీగనే ఉంది."

కూర్చున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ పోయి కూర్చున్నాను. తాగకుండా వానాకాలం గడిచింది, చలికాలమూ గడిచింది. ఇక నా సరుకు మేలైనదేనని తేల్చుకుని ఒక ఆదివారం పొద్దున కందుకూరు పోయాను.

ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

"బంద్ చేసిన" అన్నాను.

"ఎరుకే. అక్క చెప్పింది. మంచిగ చేసినవ్."

"అయితే నడువు."

"రాను."

"నువ్వే గదా, తాగుడు బందైనంక రమ్మన్నది?"

"మాట్లాడమన్న. మాట్లాడినవ్." గింజ పళ్లెంలో పడింది. "ఆడ తలుపు చప్పుడైతే చాలు, పానం జల్లుమనేది. ఈడ నిద్ర పడుతున్నది నాకు. నువ్వు తాగవని నమ్ముత. నిద్ర పడుతదని మాత్రం నమ్మను."

లేచాను. సిగ్గులేని కాళ్లు మళ్లీ మెల్లగానే నడిచాయి. వెనక గింజలు పళ్లెంలో పడుతున్న చప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇంటికైనా, మీటింగుకైనా తుక్కుగూడలో బస్సు మారాలి. రోడ్డుకు అవతల కల్లు దుకాణం. ఆమే రానన్నాక ఇంకెవరి కోసం ఈ పొట్టి బెంచీలు అనుకుంటున్నాను. ఇంతలో కల్లు దుకాణంవాడు నన్ను చూసి చెయ్యెత్తాడు.

"రా అన్నా, రా! ఇప్పుడే దించింది!"

అచ్చం మా నాన్న గొంతు. ఇన్నాళ్లూ నేను ఎదురుచూసిన కేక ఇదొక్కచోటే వినబడింది. గిరాకీని ఎవరి లాభానికి పిలుస్తారో గల్లా మీద పెరిగినవాడికి ఇంకొకరు చెప్పాలా? ముందొచ్చిన ఆరాంఘర్ బస్సు ఎక్కేశాను.

ఆరాంఘర్ చేరేసరికి మీటింగు సగమైంది. రమ్మని ఎవరూ అనలేదు. ఉన్నవాళ్లు కొంచెం జరిగారు. నా వంతు రాగానే "రానన్నది" అని చెప్పి కూర్చున్నాను. ఓదార్చలేదు ఒక్కడూ. చల్లారిన చాయ్ ఇచ్చారు. ఒళ్లు మండింది.

ఆమె రాలేదు, ఆ ఏడాదీ, ఆ తర్వాతా. ఆదివారాలు మాత్రం నేను ఆ బెంచీ మీదే, మోకాళ్లు గడ్డానికి తగిలేలా.