హీటర్ పక్కన ఇంజిన్

కెనడాలోని ఒషావాలో ప్రతి పార్ట్‌టైమ్ పనికీ స్టూడెంట్లు క్యూ కట్టిన చలికాలం అది. నేను బస్సెక్కి, ఉత్తరాన ఒక ఊళ్లో మంచుబండ్లు రిపేరు చేసే షెడ్‌కి పని కోసం వెళ్లాను. బస్సు దిగి నడిచేసరికి వేళ్లు కొయ్యబారిపోయాయి.

షెడ్ యజమాని ఒక స్నోమొబైల్ చూపించాడు. "ఇంజిన్ తిరగట్లేదు, లోపల క్రాంక్‌షాఫ్ట్ బిగుసుకుంది. బేరింగ్ పోయిందేమో చూడు."

బెల్టు తీసి చేత్తో తిప్పబోతే ఆపాడు.

"ఇప్పుడే కాదు. రాత్రంతా మంచులో ఉంది. చలికి ఆయిల్ చిక్కబడినా ఇలాగే బిగుస్తుంది. వెచ్చబడ్డాకే ఏదైనా చెప్పాలి."

ఇద్దరం దాన్ని హీటర్ పక్కకి నెట్టాం. నేను మళ్లీ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాను. మొదటిరోజే చలి కాచుకుంటానని యజమానిని ఎలా అడుగుతాం? మా వైపైతే ఆయనే రమ్మంటాడు.

ఈలోగా ఇంకో బండి స్పార్క్ ప్లగ్ తియ్యమన్నాడు. పానా చేతిలోంచి జారిపోయింది. మళ్లీ పట్టుకుంటే మళ్లీ జారింది.

"సారీ, ఈ పని నీకు కుదరదు," అన్నాడు నవ్వుతూనే.

"చలికి వేళ్లు వంగట్లేదు సర్."

"మరి చెప్పలేదేం?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. మాట మాత్రం మార్చుకోలేదు.

ఆ ఇంజిన్ ఏం చెప్పిందని దాన్ని హీటర్ పక్కన పెట్టాడు?