రానీ రానీ... మెట్టుంది!

మా బాబాయి నూటికి నూరుపాళ్ళూ మంచివాడు. ఆయనకున్న చాదస్తం ఒక్కటే. సెలవుల రద్దీలో బజారుకెళ్ళాలంటే ఇంటిల్లిపాదినీ తాడుతో కట్టేస్తాడు.

మాటవరసకి అనడం లేదు. నిజంగా తాడే. బట్టలారేసుకునే నీలంరంగు నైలాన్ తాడు, నడుం దగ్గర ఒక్కొక్కరికి ఒక్కో ముడి. ముందు ఆయన, ఆయన వెనక పిన్ని, పిన్ని వెనక అక్క, నేను, అమ్మ, చిట్టచివర నాన్న. నాన్ననెందుకు ఆఖర్న కట్టావంటే, "అన్నయ్య బరువుంటాడు. బ్రేకులా పనికొస్తాడు" అనేవాడు. నాన్నకి ఆ మాట పొగడ్తలాగే వినపడేది.

బాబాయి పని చేసినన్నాళ్ళూ ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు లారీకెక్కించి దింపేవాడు. ఆయన కట్టిన బీరువా కదిలింది లేదు, ఆయన చుట్టిన అద్దం పగిలింది లేదు. పని మానేసిన ఏడాదే ఈ తాడు పిచ్చి మొదలైంది. "కట్టడానికి సామాన్లు లేక మనుషుల మీద పడ్డాడు" అని అమ్మ తేల్చేసింది. మేమూ అంతే అనుకున్నాం.

"తాడెందుకు బాబాయ్, మేమేమన్నా బీరువాలమా?" అని ఒకసారి అడిగాను.

"బీరువాకి నడిచే కాళ్ళు లేవు. అయినా కడతాం. మీకు తలా రెండు కాళ్ళున్నాయి. మీరెటు పోతారో ఏం నమ్మకం?"



"పగిలే సామాను డ్రైవరు వెనకే ఉండాలి" అని పిన్నిని ఎప్పుడూ తన వెనకే కట్టుకునేవాడు. అమ్మకి ఆ మాట కొంచెం గుచ్చుకునేది.

"అంటే నేను పగలనా?"

"నువ్వు ఇనప్పెట్టెవి వదినా. నిన్నెక్కడ పెట్టినా భయం లేదు."

తాడొక్కటే అయితే సర్దుకుపోయేవాళ్ళం. కానీ ఆయన నోరూరుకోదు. లారీని వెనక్కి తీసేటప్పుడు అరిచినట్టు బజారంతా అరుస్తూ నడుస్తాడు. "రానీ రానీ... ఎడం కొట్టు, ఎడం కొట్టు... బకెట్ల కొట్టు, బకెట్లు బయటికి పెట్టాడు... హోల్డాన్! మెట్టుంది! ఇంకో మెట్టుంది! అయిపోయాయి, రైట్ రైట్!" పక్కన నడిచే జనం ముందు ఉలిక్కిపడేవారు, తర్వాత నవ్వేవారు, ఆ తర్వాత వాళ్ళూ బకెట్లు చూసుకుని నడిచేవారు.

జేబుదొంగల సంగతి సరేసరి. నాన్న ప్యాంటు జేబుల్ని పర్సుతో సహా సూదీదారంతో కుట్టేసేవాడు. పిన్ని ఒకప్పుడు పేరున్న దర్జీ. ఆవిడ కుట్టిన గౌను వేసుకోని ఆడపిల్ల మా వీధిలో లేదు. ఓపిక తగ్గిందని ఆవిడ మిషను మూసేశాక ఆ జేబుల కుట్లు బాబాయే వేసేవాడు. అవి గోనెసంచికి వేసే కుట్లు. బిల్లు కట్టాల్సిన ప్రతిచోటా నాన్న ముందు కత్తెర అడగాల్సి వచ్చేది.

ఇంకో ఆజ్ఞ కూడా ఉంది. "తప్పిపోయినవాళ్ళు వెతకొద్దు. ఎక్కడున్నవాళ్ళు అక్కడే నిలబడి, దొరికినదాన్ని గట్టిగా పట్టుకోండి. వెతికే పని నాది. సామాను ఎక్కడైనా లారీని వెతుక్కుంటుందా?"

ఒక ఏడాది నిజంగానే ఒక జేబుదొంగ నాన్న జేబులో చెయ్యి పెట్టబోయి, కుట్లు అడ్డం రావడంతో తడబడి, చెయ్యి తాడుకీ నాన్న బెల్టుకీ మధ్య ఇరికించుకున్నాడు. లాగిన కొద్దీ ముడి బిగుసుకుంటోంది. అది బాబాయి వేసిన ముడి మరి. ముందు నుంచి "రైట్ రైట్!" అని కేక వినపడింది, అందరం కదిలాం, వాడూ కదిలాడు. చెప్పుల కొట్టు, గిన్నెల కొట్టు, గొడుగుల కొట్టు వాడు మాతోనే తిరిగాడు. అమ్మ వాడు అక్క స్నేహితుడనుకుంది, అక్క నాన్న స్నేహితుడనుకుంది, నాన్న ఎవరనుకున్నాడో ఇప్పటికీ చెప్పడు. ఖాళీ చేతిలో మా సంచులు కూడా పెట్టాం. చివరికి మిఠాయి కొట్టు దగ్గర వాడు ఏడుపు మొహంతో, "అయ్యా, నేను దొంగనండి, నన్ను వదిలేయండి" అన్నాడు. బాబాయి ముడి విప్పుతూ, "ముందే చెప్పొద్దా నాయనా, దొంగల్ని నేను కట్టను" అన్నాడు.

మరో ఏడాది మా తాడుని చూసి అది వరస అనుకుని జనం నాన్న వెనక నిలబడడం మొదలుపెట్టారు. రద్దీ రోజుల్లో వరస కనిపిస్తే ముందు నిలబడడం, తర్వాత సంగతి అడగడం లోకంలో ఉన్నదే. మేం ఇంటికొచ్చి తలుపు తాళం తీసేసరికి వెనక వీధి మలుపు దాకా మనుషులున్నారు. చంకలో పిల్లనెత్తుకున్న ఒకావిడ ముందుకొచ్చి, "ఇక్కడేం ఇస్తున్నారమ్మా?" అని అడిగింది. అమ్మ తలెత్తలేక తలా ఒక గ్లాసు మంచినీళ్ళిచ్చి పంపింది. వాళ్ళలో కొందరు మర్నాడు కూడా వచ్చారు.

ఈ ఏడాది అక్కకి పెళ్ళయింది. బావ బడిపంతులు, మితభాషి. ఆయనతో కలిసి మొదటిసారి సెలవుల బజారు. కొత్త కాపురానికి కర్టెన్లు కొనాలి. ఆ కర్టెన్ల బట్ట తన చేత్తో ఏరాలని పిన్ని ఎన్నాళ్ళ నుంచో చెబుతోంది. మా ఇంట్లో ఎవరు ఏ బట్ట కొన్నా పిన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి సరేననాల్సిందే. "బట్టని చూడాల్సింది కళ్ళతో కాదే, వేళ్ళతో" అంటుంది.

అమ్మ మాత్రం నడుం బిగించింది. "కొత్తల్లుణ్ణి తాడు కట్టి బజారంతా తిప్పుతారా? అల్లుడా, ఎద్దా? ఈసారి తాడో పేడో తేలిపోవాలి!" అని తాడు తీసుకెళ్ళి ఎవరికీ కనపడకుండా పిండి డబ్బాలో దాచేసింది.

బాబాయి ఇల్లంతా గాలించాడు. "తాడు లేకపోతే మేమిద్దరం రాం" అన్నాడు.

"ఒక్కరోజు తాడు లేకుండా నడవలేవా?"

"తాడూ బొంగరం లేనివాళ్ళలా ఆ జనంలో పడి తిరగమంటావా వదినా?"

పొద్దుటి నుంచి తయారై హాల్లో కూర్చున్న పిన్ని, మెల్లగా వంగి చెప్పులు విప్పబోయింది. "పోనీలే అక్కా, నాకూ మోకాలు లాగుతోంది. మీరెళ్ళిరండి" అంది. ఆ గొంతు విని నాకు ప్రాణం ఉసూరుమంది. ఏడాదంతా ఆ ఒక్క రోజు కోసం ఎదురుచూసే మనిషి. అక్క వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది. "నువ్వు రాకపోతే నా ఇంటికి కర్టెన్లే వద్దు పిన్నీ. పక్కింటివాళ్ళు చూస్తే చూడనీ."

బాబాయి పిన్ని వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. తెగేదాకా లాగకూడదని తాడు మనిషికి తెలియదా? "సరే పదండి" అన్నాడు. తలుపు దగ్గర పిన్నితో, "నా చొక్కా అంచు పట్టుకో. వదలకు" అనడం నేను విన్నాను. ముద్దుగా ఉందనుకున్నాను.

అది నాలుగంతస్తుల బట్టల కొట్టు. లోపల ఎటు చూసినా దీపాలు, అద్దాలు, మనుషులు. తాడు లేకపోయినా కేకలు మానలేదు. "రానీ రానీ... కుడి పక్క అద్దం, అది దారి కాదు... మెట్టుంది!" బావ ప్రతి కేకకీ బుద్ధిగా కాలెత్తి వేస్తుంటే అమ్మ సిగ్గుతో పైట మొహానికి అడ్డం పెట్టుకుంది.

అంతలో మైకులో ఒకాయన, "ఇప్పుడు మాత్రమే! దుప్పట్లు సగం ధర!" అన్నాడు. అంతే! జనం కట్టలు తెంచుకుని దుప్పట్ల మీద పడ్డారు. నన్ను ఎవరో గొడుగుల దాకా నెట్టేశారు. అక్క పరుపుల మీద తేలింది. నాన్న మాత్రం కదల్లేదు. ఎంతైనా బ్రేకు కదా! మళ్ళీ అందరం ఒకచోటికి చేరేసరికి బాబాయి చొక్కాకి వెనక భాగం లేదు. పిన్ని లేదు.

"చిన్నపిల్లా ఏమిటి, అదే వస్తుందిలే" అంది అమ్మ.

బాబాయి ఆ మాట వినిపించుకోలేదు. ఆయన జనాన్ని తోసుకుంటూ కౌంటరెక్కి, మైకు లాక్కుని, కొట్టు అదిరిపోయేలా అరిచాడు.

"హోల్డాన్! ఎక్కడున్నదానివి అక్కడే ఉండు! కదలకు! నేనొస్తున్నా!"

కొట్టు మొత్తం ఆగిపోయింది. దుప్పటి లాగుతున్న ఇద్దరాడవాళ్ళు లాగుతూనే ఆగిపోయారు. బిల్లు రాసే ఆయన పెన్ను ఎత్తి ఉంచాడు. మెట్ల మీద ఒక తాత ఒంటికాలి మీద నిలబడిపోయాడు. కదిలితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ఆ బొమ్మల కొలువులో నేనొక్కదాన్నే సందు చేసుకుంటూ వెతికాను.

కర్టెన్ల విభాగం మూల పిన్ని దొరికింది. ఎడం చేతిలో బాబాయి చొక్కా ముక్క. కుడి చేత్తో, సూటు తొడిగి నిలబెట్టిన ప్లాస్టిక్ బొమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. దానితో మెల్లగా మాట్లాడుతోంది.

"ఏవండీ, చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది? మైకులో ఎవరో అలా అరిచేసరికి భయపడ్డారా? అచ్చం మీ గొంతే!"

నేను నవ్వబోయి ఆగిపోయాను. జానెడు దూరంలో ఉంది బొమ్మ. "పిన్నీ, అది..." అన్నాను.

పిన్ని తల తిప్పింది. నన్ను వెతుక్కుంటూ తిప్పింది. చేత్తో బొమ్మ మొహం తడిమి చూసుకుని, ముందు ఆవిడే పకపకా నవ్వేసింది. "అందుకేనా ఇంతసేపూ ఎదురు చెప్పకుండా విన్నాడు!"

"నీకు కనపడదా పిన్నీ?"

"ఎదురుగా గొట్టంలోంచి చూసినట్టు కాస్త కనిపిస్తుంది. పక్కలు పోయాయి. ఇలా దీపాలూ జనమూ ఉంటే అదీ పోతుంది. బాగయ్యేది కాదన్నాడు డాక్టరు. మిషను అందుకే మూశాను." నా చెయ్యి వెతికి పట్టుకుంది. "మీ అమ్మకి చెప్పకు. చెబితే ప్రేమ కొద్దీ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అన్నీ ఇంటికే తెప్పిస్తుంది. నాకు బజారు కావాలే."

"చెప్పను పిన్నీ, ఒట్టు. మరి ఆ తాడు..."

"డాక్టరు దగ్గర నుంచి వస్తూ ఏడ్చాను. నన్ను చెయ్యి పట్టి నడిపిస్తే అందరూ నన్నే జాలిగా చూస్తారండీ అన్నాను. మీ బాబాయి మర్నాడు తాడు తెచ్చాడు. అందర్నీ కట్టేస్తే నీ వంక ఎవడు చూస్తాడే, పిచ్చివాణ్ణి నన్ను చూస్తారు గానీ, అన్నాడు."

ఆ బకెట్లూ, ఆ అద్దాలూ, ఆ మెట్లూ. ఆ కేకలకి నేను ఎన్నిసార్లు చెవులు మూసుకున్నానో!

పిన్ని మాత్రం చొక్కా ముక్కని రెండు వేళ్ళ మధ్య నలుపుతూ, "ఇదిగో, ఇలాంటి బట్ట కొంటే ఇంతే. నేను వద్దన్నా వినడు" అంది.

నేను అక్కడే ఉన్న పనివాణ్ణి పిలిచాను. అతను ఇంకా కదలకుండానే కళ్ళు మాత్రం తిప్పాడు. కర్టెన్లు కట్టే కుచ్చుల తాడు, బంగారు రంగుది, చూపించాను.

"ఎంత కొయ్యమంటారు?"

"ఏడుగురికి సరిపడా."

పిన్నిని నా నడుముకి కట్టుకుని కౌంటరు దాకా తీసుకొచ్చాను. బాబాయి కిందికి దూకి, ఆవిణ్ణి చూసి, ఆ తాడుని చూసి, నా వంక చూశాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసింది. ముడి మాత్రం విప్పి మళ్ళీ వేశాడు. నేను వేసినది ఆయనకి నచ్చలేదు.

"నాకు భయంగా ఉంది. తాడు లేకుండా నేనిక్కడ ఒక్క అడుగు కూడా వెయ్యను" అని గట్టిగా చెప్పాను.

"నీకేం మాయరోగం!" అంది అమ్మ.

మితభాషి బావ ముందుకి వచ్చి తాడు కొస నడుముకి చుట్టుకుంటూ, "మా బడిపిల్లల్ని రోడ్డు ఇలాగే దాటిస్తానండీ. నా చోటెక్కడ బాబాయిగారూ?" అన్నాడు. ఇక అల్లుడే కట్టుకున్నాక అత్తగారు కట్టుకోక ఏం చేస్తుంది? అమ్మ విసుక్కుంటూనే చేతులు పైకెత్తి నిలబడింది. కుచ్చులు తనకి ముందువైపు పడేలా చూడమంది.

పిన్ని కర్టెన్ల బట్ట తీరిగ్గా ఏరింది. నాన్న కత్తెర అడిగాడు. వీపంతా గాలాడుతున్న చొక్కాతో బాబాయి ముందు నడిచాడు. "రానీ రానీ... ఎడం కొట్టు... పరుపులు, పరుపులు..."

కొట్టు గుమ్మం దగ్గరికొచ్చేసరికి మా వెనక మళ్ళీ పెద్ద వరస. నాన్న వెనకున్న ఒక పెద్దాయన మెడ చాచి నన్నడిగాడు. "ఇక్కడేం ఇస్తున్నారమ్మా?"

ఏమిస్తున్నారో నాకు తెలుసు. కానీ పిన్నికి మాటిచ్చాను.

"ముందు తాడు పట్టుకోండి. మెట్టొస్తోంది" అన్నాను.