పట్టే తూటా, పనికొచ్చే తూటా

శనివారం ఉదయం ఆరుంబావుకి నోవైలో మా అక్క సుచరిత ఇంటి నుంచి బయల్దేరాం. కారులో ఇద్దరమే: మా బావ ప్రభుదాసు, నేను. అక్క చేతి వంట తిని రెండ్రోజులు కంటినిండా పడుకుందామని ముందురోజు సాయంత్రమే నేనుండే హెర్న్‌డన్ నుంచి ఫ్లైట్‌లో వచ్చాను. బావ మాత్రం నాకు వేరే పని పెట్టాడు.

బావ కార్ల బ్రేకుల ఇంజనీరు. యాభై ఆరేళ్ళ వయసులో ఆయనకి పాత తుపాకుల మీద మోజు పుట్టింది. పందొమ్మిదో శతాబ్దపు సింగిల్ షాట్ రైఫిల్‌కి అచ్చం నకలుగా ఈమధ్యే తయారైనదొకటి కొన్నాడు. ఒకసారికి ఒకటే తూటా. పేల్చాలి, తెరవాలి, మళ్ళీ పెట్టాలి. మూడు గంటల దూరంలో, గ్రేలింగ్ దగ్గర ఒక క్లబ్బులో ఇలాంటి రైఫిళ్ళవాళ్ళకి చిన్న పోటీ ఉందని తెలిసి పేరిచ్చేశాడు. ఆదివారం చర్చి గనక, పోటీ శనివారం పడటం దేవుడి ఏర్పాటే అన్నాడు. అక్క అంత సులువుగా నమ్మలేదు. "మా తమ్ముణ్ణి తీసుకెళ్తేనే వెళ్ళండి" అంది. అలా నేను తోడు పెళ్ళికొడుకునయ్యాను.

రైఫిల్ ఖాళీగా, తాళం వేసిన పెట్టెలో, డిక్కీలో ఉంది. తూటాలు వేరే డబ్బాలో. చపాతీ రోల్స్ నా ఒళ్ళో. ఫ్లింట్ దాటాక ఏడున్నరకి కాఫీకి ఆగాం. బే సిటీ తర్వాత ట్రాఫిక్ పలచబడి, రోడ్డుకి రెండువైపులా పైన్ చెట్లు మొదలయ్యాయి. బావ హుషారుగా ఉన్నాడు.

"ఫస్ట్ ప్రైజ్ వస్తే ఏం చేస్తావు బావా?"

"వస్తే ఏంట్రా? స్పీచ్ కూడా ప్రిపేర్ చేశాను."

తొమ్మిదీ ఇరవైకి క్లబ్బువాళ్ళ షూటింగ్ రేంజ్ చేరాం. రేకుల షెడ్డు కింద బల్ల ముందు డెబ్భై దాటిన ఒకావిడ కూర్చుని, వచ్చిన ప్రతి రైఫిల్‌నీ, ప్రతి తూటాల పెట్టెనీ పరీక్షిస్తోంది. పేరు మార్తా. స్కూల్లో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయిందట. బావ తన తూటాల పెట్టె గర్వంగా బల్ల మీద పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, పెట్టె వెనకవైపు సన్న అక్షరాలు చదివింది.

"ఇది మీ రైఫిల్లో చక్కగా పడుతుంది" అంది.

బావ నావైపు చూసి కనుబొమలెగరేశాడు.

"అందుకే ప్రమాదం" అంటూ ఆవిడ పెట్టె మూసేసింది.

సంగతేమిటంటే, తూటా కొలత, అంటే కేలిబర్, అప్పటికీ ఇప్పటికీ ఒకటే. తూటాలో ఏ తుపాకిమందు, ఎంత, ఎంత బరువు గుండు అన్నది వేరు. దాన్నే లోడ్ అంటారు. పాత రైఫిళ్ళు అప్పటి నల్లరంగు తుపాకిమందు పుట్టించే తక్కువ ఒత్తిడికి తగ్గట్టు చేసినవి. ఈ కాలపు బలమైన రైఫిళ్ళ కోసం అదే కొలతలో ఘాటైన లోడ్లు కూడా అమ్ముతున్నారు. అవి పాతరకం దాంట్లో పెట్టి పేలిస్తే రైఫిలే చేతుల్లో పగిలిపోవచ్చు. బావ రైఫిల్ గొట్టం మీది అంకె, పెట్టె మీది అంకె కలిశాయని కొనేశాడు.

"కొత్త స్టీలే కదండీ!" బావ ఒప్పుకోలేదు.

"స్టీలు కొత్తదే. తూటాని బిగించి పట్టే పద్ధతి పాతది. తయారీదారు పుస్తకం ఏమంటోంది?"

పుస్తకం నోవైలో ఉంది. అక్కకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం.

"డ్రాయర్‌లో ఉందా... ఆఁ, దొరికింది. కవర్ కూడా చింపలేదేంటండీ మీరు! ఉండండి. పేజ్ సెవెన్. ఓన్లీ లో ప్రెజర్ లోడ్స్ అంట. సేమ్ కేలిబర్ అయినా సరే, హై ప్రెజర్‌వి పెట్టొద్దంట. మీరేం కొన్నారు?"

"సిగ్నల్ సరిగ్గా లేదు సుచీ" అని బావ ఫోన్ పెట్టేశాడు. సిగ్నల్ నిండుగా ఉంది. మార్తాకి తెలుగు రాకపోయినా అంతా అర్థమైనట్టే నవ్వింది.

ఇంతలో పచ్చ టోపీ పెద్దాయనొకడు వచ్చి, జిప్ కవర్‌లో పది తూటాలు బావ చేతిలో పెట్టాడు. "ఇంట్లో నేనే నింపుకున్నవి. నా రైఫిల్లో వందలు పేల్చాను. తీసుకోండి" అన్నాడు. కవర్ మీద ఒక్క అక్షరం లేదు. పోటీ రెండింటికల్లా ముగిసిపోతుంది. బావ ఆశగా ఆ కవర్ వైపు చాలాసేపు చూశాడు. కాదని నేనే చెప్పాలేమో అనుకున్నాను.

"థాంక్స్" అని ఆయనే కవర్ తిరిగిచ్చేశాడు. "మా ప్లాంట్‌లో లేబుల్ లేని పార్ట్‌ని కార్‌లో పెట్టం."

తగిన తూటాల కోసం పదింబావుకి మళ్ళీ రోడ్డెక్కాం. ముప్ఫై మైళ్ళ దూరంలో ఒక దుకాణం దొరికింది. కౌంటర్‌లో అమ్మాయి అదే కొలతలో మూడు పెట్టెలు తీసింది. ఒకటి బావ కొన్న ఘాటు రకమే. రెండోదాని మీద ఏ రైఫిల్‌కి పనికొస్తుందో రాసి లేదు. "కంపెనీని అడక్కుండా నేను చెప్పలేను" అంది. మూడోది సీసపు గుండు, తక్కువ ఒత్తిడి, పాతరకం రైఫిళ్ళకి తగినదని పెట్టె మీదే ఉంది. ఈలోపు అక్క ఏడో పేజీ ఫొటో తీసి, కింద కోపపు బొమ్మలు వరసగా పెట్టి పంపింది. ఆ పేజీనీ పెట్టెనీ పక్కపక్కన పెట్టి బావ రెండుసార్లు చదివాడు. ఆయన ఏదైనా రెండుసార్లు చదవడం నేను చూడటం అదే మొదలు.

ఆ మూడో పెట్టె కొని రేంజ్‌కి తిరిగొచ్చి, మార్తాకి చూపిస్తే ఆవిడ తలూపేసరికి పన్నెండున్నర. ఒంటిగంటకి బావ వంతు. కళ్ళకి అద్దాలు, చెవులకి మూతలు. మొదటి గుండు గురి వెనక ఇసుక గుట్టలోకి పోయింది. రెండోదీ అంతే. మూడోది గురి కాగితం అంచు చింపింది. బావ వెనక్కి తిరిగి, సొంత కొడుకు పాసైనంత ఆనందంగా నవ్వాడు. పదకొండుమందిలో పదోవాడు. పదకొండో ఆయన మధ్యలోనే చేపలు పట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

మూడింటికి తిరుగు ప్రయాణం. నేను డ్రైవ్ చేశాను. యాభై మైళ్ళు దాటాక బావ నావైపు తిరిగాడు.

"ఏరా, ఆవిడ చూడకపోతే పొద్దున్నే పేల్చేసేవాణ్ణి."

"అవును బావా."

"పక్కన నువ్వుండేవాడివి. రోజూ పనిలో అందరి తప్పులూ పట్టుకుంటాను. ఇవాళ నాది పట్టుకుంటే ఐదు నిమిషాలు కోపమొచ్చింది."

"ఐదేనా?"

"సరేలే, ముప్ఫై."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: అడవి బాగుంటుంది, రోడ్డు బాగుంటుంది, మనుషులు ఇంకా బాగుంటారు, ఎంత మంచివాళ్ళిచ్చినా పేరు లేని తూటా మాత్రం తీసుకోకండి.

ఆరింటికి నోవై చేరాం. అక్క గ్యారేజీ దగ్గరే నిలబడి ఉంది. ఏమీ అడక్కుండా ముందు బావ కుడిచెయ్యి పట్టుకుని చూసింది. తర్వాత ఎడమది. ఆ తర్వాత ముఖం.

అప్పుడు మొదలుపెట్టింది తిట్టడం.