అమావాస్య సభలు

యుద్ధం మొదలయ్యాక పట్టునూలు సర్కారు కంట్రోలు కిందికి పోయింది. ధర్మవరం మగ్గాలకు నూలిచ్చే డిపోను హిందూపురంలో పెట్టారు. నాయన రైలెక్కి పోయేవాడు, "స్టాకు లేదు, మళ్లీ రా" అన్న మాట తీసుకుని తిరిగొచ్చేవాడు. ఆ మాటను మగ్గానికెక్కించి చీర నేయడం మాకు చేతకాలేదు. నెలలో సగం దినాలు మగ్గం ఊరికే ఉండేది. ఇట్లాగే సాగితే మగ్గం గుంట పూడ్చేసి కూలికి పోతానని నాయన తేల్చి చెప్పాడు.

నేతగాళ్లం సంఘం పెట్టుకున్నాం. డిపో ధర్మవరానికే రావాలని పెనుకొండకు పోయి సబ్ కలెక్టరు దొరకు అర్జీ ఇచ్చాం. ఆయన, "ఇది ఒక్క నేతగాళ్ల గొడవ. ఊరంతా అడిగితే పైకి రాస్తాను" అన్నాడు. నేతగాళ్లు కాని ఊరు కూడా ఒకటుందని మాకప్పుడు తట్టింది.

సభ పెట్టి చుట్టుపక్కల రైతులను, అంగళ్లవాళ్లను పిలిచాం. వాళ్లెవరూ రాలేదు. మరుసటి నెల మళ్లీ పిలిచాం. ఈసారి కూడా నేతగాళ్లే వచ్చి, నేతగాళ్ల కష్టాలను నేతగాళ్లకే వివరించి, కళ్లు తుడుచుకున్నారు. సంఘం పెద్ద లేచి, డిపో కోసం ప్రాణాలైనా ఇస్తామన్నాడు. ప్రాణాలు తర్వాత చూద్దాం, ముందు రైతులెందుకు రాలేదో కనుక్కుందాం అన్నాను నేను.

నాయనా నేనూ గోరంట్ల దిక్కు పల్లెకు పోయాం. అక్కడి రైతు ఒకాయన ఇంట్లో పెండ్లిచీరలన్నీ మా మగ్గానివే.

"ఏమప్పా, రెండుసార్లు పిలిచినా రాకపోతివే?" అన్నాడు నాయన.

"ఏ పొద్దు పిలిస్తివి?"

"అమావాస్య."

"అమావాస్యనాడు మంచి పనికని ఎవరన్నా పొలిమేర దాటతారా? మా అవ్వ గడప దాటనిస్తాదా?"

"మాకు మగ్గానికి సెలవు ఆ పొద్దేనప్పా."

"నెలలో సగం దినాలు మగ్గం సెలవులోనే ఉండాదని ఏడుస్తాండావు కదబ్బా."

ఆ మాట నాకంటే ముందు ఇంకొకరు అన్నందుకు కొంచెం నొచ్చుకున్నాను.

"సోమవారం పెట్టండి. ఆ పొద్దు మేము ఎద్దులకు కాడి కట్టం, నడిచొస్తాము" అన్నాడాయన. "ఇంకోటి. సర్కారుకు కొలవాల్సిన లెవీ ధాన్యం పెనుకొండకు మోయలేక సస్తాండాము. మా ఊర్లోనే తూయమని అడగబోతాండాము. దానికి మీరూ రావల్ల. అదీ సోమవారమే."

పని మధ్యలో మగ్గం దిగడమంటే నాయనకు ముద్ద నోట్లో పెట్టుకుని పంక్తిలోంచి లేవడం లాంటిది. అయినా తలూపాడు.

సోమవారం సభకు జనం నిండారు. ఎవరూ ప్రాణాలివ్వలేదు. మగ్గాలాడితేనే తన బెల్లం అమ్ముడుపోతుందని అంగడాయన సూటిగా చెప్పాడు. అందరం కలిసి పెనుకొండ పోయాం. "నూలుతో నీకేం పని?" అని దొర రైతును అడిగాడు. "వీళ్లు నేయకపోతే మా జొన్నలెవరు కొంటారు సామీ?" అన్నాడాయన. దొర పైకి రాశాడు.

పైనవాళ్లు వాళ్ల తీరికలో చదివి, చివరికి ధర్మవరంలో ఒక గదిలో డిపో తెరిచారు. నాయన నూలు తెచ్చి మగ్గమెక్కించి, గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. జానెడు నేశాడో లేదో, లెవీ అర్జీకి రమ్మని పల్లె నుంచి కబురొచ్చింది. ఆ పొద్దు సోమవారం.

"నువ్వు నెయ్యి నాయనా, నేను పోయొస్తా" అన్నాను.

"నువ్వు పోతే నీ మాటలకు ఆడ నవ్వుతారు గాని లెక్కలోకి తీసుకోరు" అంటూ నాయన మగ్గం దిగి కండువా వేసుకున్నాడు. "నూలు యాడికీ పోదులే. ఈడనే ఉండాది."